లివర్ క్యాన్సర్ టార్గెటెడ్ మందులు: గురి గడ్డ మీదా, దాని నెత్తుటి దారి మీదా?

క్లుప్తంగా: ముదిరిన లివర్ క్యాన్సర్‌కు ఇస్తున్న టార్గెటెడ్ మందుల్లో ఎక్కువ భాగం గడ్డలోని జన్యు లోపాన్ని కొట్టేవి కావు, గడ్డకు రక్తం తెచ్చే నాళాలను అడ్డుకునేవి. 2020 నుంచి ఇమ్యునోథెరపీ తోడయ్యాక ఫలితాలు మెరుగుపడ్డాయి. అయినా ఏ మందు ఇవ్వాలి, అసలు ఇవ్వొచ్చా అన్నది గడ్డ సైజు కంటే మిగిలిన కాలేయం ఎంత బాగుందన్న దాని మీదే తేలుతోంది. ఈ మందుల ధర దిగిరావడంలోనూ, జబ్బును ముందే ఆపే టీకాలోనూ హైదరాబాద్‌ పాత్ర పెద్దదే.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించిన ఒక అధ్యయనం 2025లో వార్తల్లోకి వచ్చింది. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని అందులో తేలింది. అప్పటినుంచి గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో షుగర్, బీపీల సరసన ఫ్యాటీ లివర్ కూడా టెన్షన్ పెట్టే మాటగా చేరింది. వెనకే మరో ప్రశ్న వస్తోంది. ఇది ముదిరితే క్యాన్సర్ అవుతుందా? అయితే, ఇప్పుడు టార్గెటెడ్ మందులు వచ్చాయి కదా, మాత్రలతో తగ్గిపోదా?

మొదటి ప్రశ్నకు జవాబు కొంత ఊరటనిచ్చేదే. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో చాలామందికి కొవ్వు కొవ్వుగానే మిగిలిపోతుంది. కొందరిలో వాపు మొదలవుతుంది, వారిలో కొందరికి కాలేయం మచ్చలు పడి గట్టిపడుతుంది, ఆ గట్టిపడిన వారిలో కొందరికి క్యాన్సర్ వస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. టార్గెటెడ్ అన్న పేరు వినగానే గురిచూసి కొట్టే బాణం గుర్తొస్తుంది. లివర్ క్యాన్సర్ విషయంలో ఆ పోలిక సగమే సరిపోతుంది.

ఒకే అవయవం, రెండు జబ్బులు

కాలేయంలోనే పుట్టే క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతులకు పైగా కాలేయ కణాల నుంచే మొదలవుతాయి. రిపోర్టుల్లో దీన్నే హెచ్‌సీసీ అని రాస్తారు. పేగులోనో రొమ్ములోనో పుట్టి కాలేయానికి పాకిన క్యాన్సర్ వేరు, దాని మందులూ వేరు. ఈ తేడా తెలియక ఒకరికి రాసిన మందు గురించి ఇంకొకరు ఆశపడటం ఆస్పత్రుల్లో తరచూ జరిగేదే. 2022లో ప్రపంచం మొత్తం మీద కాలేయ క్యాన్సర్లన్నీ కలిపి సుమారు 8.66 లక్షల కొత్త కేసులు వచ్చాయని, 7.58 లక్షల మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. ఏడాదిలో వచ్చిన కేసులకూ పోయిన ప్రాణాలకూ మధ్య ఇంత తక్కువ తేడా ఉందంటే, జబ్బు బయటపడే వేళకే చాలామందికి ఆలస్యమైపోతోందని అర్థం.

ఆలస్యం ఒక్కటే కారణం కాదు. రొమ్ములో గడ్డ వచ్చిన మనిషికి మిగతా ఒళ్లు సాధారణంగా బాగానే ఉంటుంది. లివర్ క్యాన్సర్ అలా రాదు. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వైరస్‌లు, ఏళ్ల తరబడి మద్యం, షుగరుతో కలిసిన కొవ్వు, వీటిలో ఏదో ఒకటి ముందే కాలేయాన్ని దెబ్బతీసి ఉంటుంది. మచ్చలు పడి గట్టిపడిన ఆ స్థితినే సిర్రోసిస్ అంటారు. గడ్డ చాలావరకు ఆ గట్టిపడిన కాలేయంలోనే లేస్తుంది. అంటే రోగి మీద రెండు జబ్బులు ఒకేసారి పని చేస్తుంటాయి. గడ్డ ఆగినా కాలేయం చేతులెత్తేస్తే ప్రాణం దక్కదు.

అందుకే ఈ జబ్బులో డాక్టర్లు గడ్డను కొలిచినంత శ్రద్ధగా కాలేయాన్నీ కొలుస్తారు. బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మెదడు మీద ప్రభావం అనే ఐదింటికి మార్కులు వేసి చైల్డ్-ప్యూ స్కోరు చెబుతారు. 5 లేదా 6 వస్తే ‘ఏ’ తరగతి, 7 నుంచి 9 వరకు ‘బి’, ఆపైన ‘సి’. ఇక్కడ మార్కులు ఎంత తక్కువైతే అంత మంచిది. టార్గెటెడ్ మందుల మీద జరిగిన పెద్ద ప్రయోగాలన్నీ దాదాపుగా ‘ఏ’ తరగతి రోగుల మీదే జరిగాయి. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి వచ్చిన మనిషికి ఆ ప్రయోగాల అంకెలు వర్తించవు. గూగుల్‌లో దొరికే సమాచారంలో ఎక్కువగా కనబడకుండా పోయేది ఈ ఒక్క ముక్కే.

నెత్తుటి దారి

కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి పోషకాలు మోసుకొచ్చే పోర్టల్ సిర ద్వారా, మిగతాది గుండె నుంచి వచ్చే ధమని ద్వారా. మామూలు కాలేయ కణాలు ఎక్కువగా సిర మీద బతికితే, పెరిగే గడ్డ దాదాపు పూర్తిగా ధమని మీద ఆధారపడుతుంది. ఈ ఒక్క తేడా మీదే లివర్ క్యాన్సర్ వైద్యం చాలావరకు నిలబడి ఉంది. సీటీ స్కాన్‌లో రంగు మందు ఎక్కించగానే గడ్డ మొదట మెరిసి, కాసేపటికి చుట్టుపక్కల కంటే మసకబారుతుంది. సిర్రోసిస్ ఉన్న మనిషిలో ఈ తీరు స్పష్టంగా కనబడితే బయాప్సీ లేకుండానే క్యాన్సర్ అని నిర్ధారిస్తారు. తొడ దగ్గరి నుంచో మణికట్టు దగ్గరి నుంచో సన్నని గొట్టం పంపి గడ్డకు వెళ్లే ధమనిలో కీమో మందు వదిలి దారి మూసేసే టేస్ అనే పద్ధతి వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

గడ్డ కాలేయం దాటి ఊపిరితిత్తులకో ఎముకలకో పాకినా, పోర్టల్ సిరలోకి చొరబడినా దాన్ని అడ్వాన్స్‌డ్ దశ అంటారు. అప్పటికి కోత, కాలేయ మార్పిడి మామూలుగా సాధ్యపడవు. టేస్‌తో అందనంతగా జబ్బు విస్తరించి ఉంటుంది. ఒళ్లంతా తిరిగే మందు కావాలి. మామూలు కీమోథెరపీ ఈ జబ్బులో ఏనాడూ పెద్దగా పనిచేయలేదు. విషాలను విరగ్గొట్టి బయటికి పంపడమే కాలేయ కణాల వృత్తి. క్యాన్సర్‌గా మారిన తర్వాత కూడా అవి ఆ విద్య మరిచిపోవు.

ఆ ఖాళీలోకి వచ్చిన తొలి మందు సొరాఫెనిబ్. కణం బయటి నుంచి ‘పెరుగు’ అని వచ్చే కబురును లోపలికి చేరవేసే ఎంజైమ్‌లను కైనేజ్‌లు అంటారు. సొరాఫెనిబ్‌ను మొదట రాఫ్ అనే కైనేజ్‌ను ఆపడానికి తయారు చేశారు. పరిశోధన ముందుకు సాగాక అది కొత్త రక్తనాళాలు మొలవడానికి కావాల్సిన వీఈజీఎఫ్ సంకేతాన్ని అందుకునే తలుపులను కూడా మూస్తుందని తెలిసింది. కిడ్నీ క్యాన్సర్‌కు 2005లో, లివర్ క్యాన్సర్‌కు 2007లో అమెరికాలో అనుమతి వచ్చింది.

దాని మీద జరిగిన షార్ప్ ప్రయోగం ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. 602 మంది రోగుల్లో మందు వాడినవారి మధ్యగత ఆయుష్షు 10.7 నెలలు, ఉత్తుత్తి మాత్ర వాడినవారిది 7.9 నెలలు. మధ్యగతం అంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలం, సగం మంది తక్కువ కాలం బతికారని. మూడు నెలలకు ఓ పిసరు తక్కువ లాభం. ఇంకో అంకె అంతకంటే ఆలోచింపజేస్తుంది. మందు వాడినవారిలో గడ్డ చెప్పుకోదగ్గంతగా కుంచించుకుపోయింది 2 శాతం మందిలోనే. అంటే ఈ మందు గడ్డను కరిగించలేదు, దాని పెరుగుదలను నెమ్మదింపజేసింది. నీళ్లు తగ్గించిన చేను ఎండిపోలేదు కానీ ఎదగడం మానేసింది. స్కాన్‌లో గడ్డ అలాగే ఉందని మందు పనిచేయలేదనుకుని మధ్యలో మానేసేవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఆసియా దేశాల్లో 226 మందితో జరిగిన మరో ప్రయోగంలో అదే మందుకు 6.5 నెలలు, ఉత్తుత్తి మాత్రకు 4.2 నెలలు వచ్చాయి. మందు మారలేదు, లాభం నిష్పత్తీ పెద్దగా మారలేదు. మొదలుపెట్టే నాటికి రోగుల స్థితి మారింది. అక్కడివారిలో హెపటైటిస్-బి ఎక్కువ, జబ్బు పాకినవారూ ఎక్కువ.

అసలు టార్గెట్ ఎందుకు చిక్కలేదు

టార్గెటెడ్ థెరపీకి పేరు తెచ్చింది 2001లో వచ్చిన ఇమాటినిబ్. ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌లో ఒకే ఒక్క జన్యు లోపం జబ్బునంతా నడిపిస్తుంది. దాన్ని మూస్తే జబ్బు కూలబడుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కూడా ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారిని ముందే వేరుచేసి, వారికే ఆ మందు ఇస్తారు. లివర్ క్యాన్సర్‌లో అలాంటి ఒంటి స్తంభం కనబడలేదు. ఇందులో తరచూ దెబ్బతినేవి మూడు జన్యువులు: టెర్ట్, టీపీ53, బీటా-కాటెనిన్‌ను తయారు చేసే సీటీఎన్ఎన్‌బీ1. సుమారు సగం గడ్డల్లో టెర్ట్ దగ్గర మార్పు కనిపిస్తుంది, మిగతా రెండింటిలో ఒక్కోదాని దగ్గర పావు నుంచి మూడో వంతు గడ్డల్లో కనిపిస్తుంది. తంటా ఏమిటంటే మందు అణువు వెళ్లి అతుక్కోవడానికి వీలైన గుంట ఈ ప్రొటీన్లలో సులువుగా దొరకదు. తాళం కనిపిస్తోంది, చెవి పెట్టే రంధ్రం లేదు.

ఇందులో టీపీ53 కథకు హైదరాబాద్ శివార్లతో ఒక చుట్టరికం ఉంది. తేమలో నిల్వ చేసిన పల్లీలు, మొక్కజొన్నల మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది టీపీ53 జన్యువులో 249వ స్థానంలో ఒక ప్రత్యేకమైన మార్పు చేస్తుంది. గడ్డలో ఆ గుర్తు కనబడితే విషం వేలిముద్ర దొరికినట్టే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పల్లీల్లో ఈ విషాన్ని పట్టుకునే చౌక పరీక్షల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. గడ్డ పుట్టాక ఈ మార్పును సరిచేసే మందు లేదు. కాబట్టి ఈ దారిలో టార్గెట్ ఆస్పత్రిలో కాదు, గోదాములో ఉంది.

పరిశోధన వెనకబడటానికి ఇంకో కారణం కాస్త విడ్డూరంగా ఉంటుంది. స్కాన్‌తోనే జబ్బు తేలిపోతుంది కాబట్టి బయాప్సీలు తక్కువగా చేశారు. గట్టిపడిన కాలేయంలోకి సూది దించితే రక్తస్రావం అవుతుందన్న భయమూ ఉంది. బయాప్సీ తప్పడం రోగికి మేలే. కానీ గడ్డ ముక్కలు చేతిలో లేకపోవడంతో ఏ రోగికి ఏ మందు పనిచేసిందో జన్యువుల స్థాయిలో పోల్చి చూసే అవకాశం తగ్గింది.

ప్రయత్నాలు జరగలేదని కాదు. మెట్ అనే కైనేజ్ ఎక్కువగా ఉన్న గడ్డలున్న రోగులను ఏరి, వారికి టివాంటినిబ్ ఇచ్చి చూశారు. చిన్న ప్రయోగంలో ఆశ కలిగించిన ఆ మందు 340 మందితో చేసిన పెద్ద ప్రయోగంలో 8.4 నెలలు ఇచ్చింది, ఉత్తుత్తి మాత్ర 9.1 నెలలు ఇచ్చింది. 2008 తర్వాత సునిటినిబ్, బ్రివానిబ్, లినిఫానిబ్, ఎవరోలిమస్ ఒకదాని వెనక ఒకటి ఓడిపోయాయి. కొన్ని గడ్డ మీద పనిచేసినట్టే కనిపించినా, కాలేయం తట్టుకోలేకపోయింది. మందు విషతీవ్రత వల్ల పోయిన ఆయుష్షు, గడ్డ ఆగడం వల్ల వచ్చిన ఆయుష్షును మింగేసింది.

ముందే పరీక్ష చేసి రోగిని ఎంపిక చేసే పద్ధతిలో గట్టెక్కిన మందు రాముసిరుమాబ్. మొదటి ప్రయోగంలో అది అందరికీ కలిపి చూస్తే ఓడింది. లివర్ క్యాన్సర్‌లో తరచూ పెరిగే ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్ రక్తంలో 400 లేదా అంతకు మించి ఉన్నవారిలో మాత్రం తేడా కనిపించింది. వారినే తీసుకుని మళ్లీ చేస్తే 7.3 నెలలు 8.5 అయ్యాయి. లాభం చిన్నదే, కానీ ఈ జబ్బులో గుర్తు చూసి మందు ఇవ్వడం అన్నది ఆచరణలోకి వచ్చింది దీనితోనే. ఎఫ్‌జీఎఫ్19 సంకేతం ఎక్కువగా ఉన్న గడ్డల మీద ఫిసోగాటినిబ్ వంటి మందులను పరీక్షించారు. తొలి దశ ప్రయోగంలో అలాంటి గడ్డలున్న ఆరుగురిలో ఒకరికి గడ్డ తగ్గింది. గ్లిపికాన్-3 అనే ప్రొటీన్‌ను గుర్తుపట్టేలా రోగి సొంత టీ కణాలనే రక్షక కణాలను మార్చి ఎక్కించే ప్రయోగాలు సాగుతున్నాయి. టార్గెటెడ్ అన్న పేరుకు నిజంగా తగినవి ఈ చివరి రెండు రకాలే. ఆ రెంటిలో ఏదీ ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు.

పదేళ్ల తర్వాత కదలిక

సొరాఫెనిబ్‌కు సాటి వచ్చే మందు దొరకడానికి పదేళ్లు పట్టింది. 2018లో అచ్చయిన రిఫ్లెక్ట్ ప్రయోగంలో 954 మంది పాల్గొన్నారు. లెన్వాటినిబ్‌కు 13.6 నెలలు, సొరాఫెనిబ్‌కు 12.3 నెలలు. తేలింది ‘తక్కువ కాదు’ అనే గానీ ‘మెరుగు’ అని కాదు. గడ్డ తగ్గినవారి వాటా మాత్రం 9 శాతం నుంచి 24 శాతానికి పెరిగింది. ఈ మందు మోతాదు రోగి బరువును బట్టి ఉంటుంది: 60 కిలోలు, ఆపైన ఉంటే రోజుకు 12 మిల్లీగ్రాములు, లోపు ఉంటే 8. మొదటి మందు విఫలమయ్యాక వాడేందుకు రెగొరాఫెనిబ్, కాబోజాంటినిబ్ వచ్చాయి. రెగొరాఫెనిబ్‌కూ సొరాఫెనిబ్‌కూ నిర్మాణంలో తేడా ఒకే ఒక్క ఫ్లోరిన్ పరమాణువు. సొరాఫెనిబ్‌ను తట్టుకున్నవారికే దీన్ని ఇచ్చి చూశారు, తట్టుకోలేనివారిని ప్రయోగంలోకి తీసుకోలేదు.

అసలు మలుపు 2020లో వచ్చింది. క్యాన్సర్ కణాలు మన రక్షక కణాల ఎదుట ‘నేను మనవాణ్నే’ అన్న దొంగ గుర్తింపు కార్డు చూపిస్తాయి. ఆ కార్డు చెల్లకుండా చేసేదే ఇమ్యునోథెరపీ. ఒంటరిగా వాడినప్పుడు నివోలుమాబ్ పెద్ద ప్రయోగంలో సొరాఫెనిబ్‌ను దాటలేకపోయింది. ముందు ఇచ్చిన తాత్కాలిక అనుమతిని అమెరికాలో 2021లో ఉపసంహరించుకున్నారు. ఇక్కడే పాత నెత్తుటి దారి సూత్రం మళ్లీ పనికొచ్చింది. వీఈజీఎఫ్ రక్తనాళాలను పెంచడంతో ఆగదు, రక్షక కణాలను గడ్డ దరిదాపులకు రాకుండా కూడా చేస్తుంది. దాన్ని బెవాసిజుమాబ్‌తో అడ్డుకుంటూ అటెజోలిజుమాబ్‌తో రక్షక కణాలను వదిలితే రెండూ ఒకదానికొకటి ఊతమవుతాయి. ఇంబ్రేవ్150 ప్రయోగంలో ఈ జోడీ మధ్యగత ఆయుష్షు 19.2 నెలలు, సొరాఫెనిబ్‌ది 13.4 నెలలు. తొలి వరుస వైద్యంలో సొరాఫెనిబ్‌ను స్పష్టంగా ఓడించిన మొదటి చికిత్స ఇదే.

ఈ జోడీకి ఒక షరతుంది. సిర్రోసిస్‌లో అన్నవాహిక సిరలు ఉబ్బి ఉంటాయి. బెవాసిజుమాబ్ రక్తస్రావం ముప్పు పెంచుతుంది. అందుకే మందు మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ చేసి, ఉబ్బిన సిరలుంటే ముందు వాటి సంగతి చూస్తారు. లివర్ క్యాన్సర్‌కు గొంతులోంచి కెమెరా ఎందుకని బంధువులు అనుమానపడే చోటు ఇదే. అది అనవసరపు టెస్టు కాదు.

రక్తస్రావం భయం ఉన్నవారికి డుర్వలుమాబ్, ట్రెమెలిముమాబ్ అనే మరో జోడీ 2022లో వచ్చింది. ట్రెమెలిముమాబ్ ఒకే ఒక్కసారి ఇస్తారు. మధ్యగతం 16.4 నెలలే అయినా, ఐదేళ్ల తర్వాత కూడా 19.6 శాతం మంది బతికి ఉన్నారు. సొరాఫెనిబ్ వాడినవారిలో 9.4 శాతం. ఇమ్యునోథెరపీ తీరే అంత. పనిచేయనివారికి అసలు పనిచేయదు, పట్టినవారికి ఏళ్ల తరబడి పడుతుంది. సగటు చూస్తే ఈ సంగతి కనబడదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి పొందిన నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జోడీకి 23.7 నెలలు వచ్చాయి.

వైరస్ వల్ల వచ్చిన క్యాన్సర్‌లో ఇమ్యునోథెరపీ పనిచేసినంతగా కొవ్వు వల్ల వచ్చిన దానిలో పనిచేయకపోవచ్చని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన సూచించింది. తర్వాతి ప్రయోగాలన్నీ దాన్ని సమర్థించలేదు. ఫ్యాటీ లివర్ పెరుగుతున్న నగరానికి ఈ వాదన ఎటు తేలుతుందన్నది చిన్న విషయం కాదు.

అంకెలను పక్కపక్కన పెట్టేముందు

23.7 నెలలు 19.2 కంటే ఎక్కువ కాబట్టి ఆ జోడీయే మేలు అనుకోవడం సహజం. అక్కడే పొరపాటు జరుగుతుంది. సొరాఫెనిబ్ అంకెలనే వరసగా చూస్తే చాలు: 2008లో 10.7 నెలలు, 2018లో 12.3, ఇంబ్రేవ్‌లో 13.4, డుర్వలుమాబ్ ప్రయోగంలో 13.8. మాత్ర అదే, మోతాదు అదే. ఆయుష్షు మాత్రం పెరుగుతూ వచ్చింది. దుష్ప్రభావాలను సంభాళించడం డాక్టర్లకు అలవాటైంది, అది ఆగాక ఇవ్వడానికి వేరే మందులు వచ్చాయి, రోగుల ఎంపికలో జాగ్రత్త పెరిగింది. ఒక ప్రయోగంలోని అంకెను అదే ప్రయోగంలోని రెండో జట్టుతో పోల్చాలి గానీ మరో ప్రయోగంతో కాదు. చివరగా చెప్పిన జోడీకి పోటీ నిలిచిన జట్టులో ఎక్కువమంది లెన్వాటినిబ్ వాడారు, వారికీ 20.6 నెలలు వచ్చాయి. అంటే అక్కడ తేడా మూడు నెలలే.

తొందరపాటుకు ఇంకో ఉదాహరణ ఉంది. ఆపరేషన్ అయ్యాక జబ్బు తిరిగి రాకుండా అటెజోలిజుమాబ్ జోడీ ఇస్తే మేలని 2023లో ఫలితాలు వచ్చాయి. మరికొంత కాలం గమనించేసరికి ఆ లాభం నిలవలేదు.

రూ.2.8 లక్షల నుంచి రూ.8,880కి

సొరాఫెనిబ్ రోజుకు నాలుగు మాత్రలు, నెలకు 120. నెక్సావర్ పేరుతో జర్మన్ కంపెనీ బేయర్ దాన్ని భారత్‌లో నెలకు సుమారు రూ.2,80,000కు అమ్మింది. మూడు నెలల ఆయుష్షు పెంచే మందుకు ఒక కుటుంబం ఊళ్లో పొలం అమ్ముకునే ధర అది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా పేటెంట్ చట్టం 84వ సెక్షన్ కింద కంపల్సరీ లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టింది. ప్రజల అవసరం తీరకపోయినా, ధర అందుబాటులో లేకపోయినా, పేటెంట్‌ను దేశంలో వినియోగించకపోయినా, పేటెంట్ ఇచ్చిన మూడేళ్ల తర్వాత మరొకరికి తయారీ హక్కు ఇవ్వొచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. మూడు కారణాలూ రుజువయ్యాయని 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ తీర్పు ఇచ్చారు. ధర నెలకు రూ.8,880 మించకూడదు, అమ్మకాలపై 6 శాతం రాయల్టీ బేయర్‌కు కట్టాలి, ఏటా 600 మంది పేదలకు ఉచితంగా ఇవ్వాలి అని షరతులు పెట్టారు. 2013లో అప్పీలు ట్రిబ్యునల్ రాయల్టీని 7 శాతం చేసి మిగతా తీర్పును నిలబెట్టింది. 2014లో బాంబే హైకోర్టు, ఆ ఏడాది చివర్లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. భారత్ ఇచ్చిన తొలి కంపల్సరీ లైసెన్స్ అది. ఆ తర్వాత మరొకటి ఇవ్వలేదు.

ఈ కథను విజయగాథగా చెప్పుకోవడం నగరంలో అలవాటు. దాని వెనక ఒక రసాయన కారణం ఉంది. సొరాఫెనిబ్, లెన్వాటినిబ్ వంటివి చిన్న అణువులు, రియాక్టర్లలో మెట్లు మెట్లుగా తయారవుతాయి. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ పెట్టిన నాటి నుంచి నగరం చుట్టూ పోగైన నేర్పు సరిగ్గా అలాంటి పనిదే. బెవాసిజుమాబ్, డుర్వలుమాబ్ వంటివి యాంటీబాడీలు. వాటిని బతికున్న కణాలే తయారు చేయాలి, నకలు ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు రాదు, సమానమేనని ప్రయోగాలతో చూపించాలి. అయినా బెవాసిజుమాబ్ విషయంలో ఆ పనీ జరిగింది. నగరానికే చెందిన హెటెరో 2016లో, డాక్టర్ రెడ్డీస్ 2019లో బయోసిమిలర్లు అనే తమ నకళ్లను తెచ్చాయి. దాని జోడీగా వాడాల్సిన ఇమ్యునోథెరపీ మందులు మాత్రం అధిక భాగం పేటెంట్ ఉన్న కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి. జోడెద్దుల్లో ఒకటి అందుబాటు ధరలో ఉంది, రెండోది లేదు.

డుర్వలుమాబ్ మీద 10 శాతం కస్టమ్స్ సుంకాన్ని 2024 జులై బడ్జెట్‌లో ఎత్తేశారు. అదే ఏడాది జీఎస్‌టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించాలని కౌన్సిల్ నిర్ణయించింది. పన్నులు తగ్గడం మంచిదే, కానీ అసలు ధర లక్షల్లో ఉన్నప్పుడు పన్ను తగ్గింపు రోగి నిర్ణయాన్ని మార్చేంతగా ఉండదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెరిగింది. పరిమితి ఎంతన్నది ఒకటి, రాసిన మందు ప్యాకేజీలో ఉందా అన్నది ఇంకొకటి. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, పంజాగుట్ట నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలకు వచ్చే కుటుంబాలు మొదట ఆరోగ్యశ్రీ కౌంటర్లో కనుక్కోవాల్సింది ఈ రెండోదే.

మందు మొదలయ్యాక

ఈ మాత్రలు మామూలు కీమో లాంటివి కావు కానీ సులువైనవీ కావు. సొరాఫెనిబ్‌తో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, పొక్కి, నడవలేకుండా చేసే ఇబ్బంది ఆసియా ప్రయోగంలో 45 శాతం మందికి వచ్చింది. లెన్వాటినిబ్‌తో బీపీ పెరగడం ఎక్కువ. రెండూ మందు శరీరంలో పనిచేస్తోందనడానికి ఒక రకంగా గుర్తులే. మోతాదు తగ్గించడం, కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టడం వైద్యంలో భాగమే, ఓటమి కాదు. సొరాఫెనిబ్‌ను నూనె, నెయ్యి ఎక్కువున్న భోజనంతో వేసుకుంటే శరీరానికి పట్టే మోతాదు తగ్గుతుంది. బిర్యానీ తిన్న వెంటనే వేసుకోవాల్సిన మాత్ర కాదు.

కామెర్లు కనబడగానే పసరు మందుకు పరుగెత్తే అలవాటు తెలుగు జిల్లాల్లో ఇంకా పోలేదు. జబ్బు ముదిరిన కాలేయానికి అదనంగా వేసే ప్రతి మూలికా ఒక పరీక్షే. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఇక్కడ నష్టం రెండు రకాలు. కాలేయం దెబ్బతినడం ఒకటి, మందుల దారి మూసుకుపోవడం ఇంకొకటి. చైల్డ్-ప్యూ ‘ఏ’లో ఉన్న మనిషి ‘బి’కి జారితే, అప్పటిదాకా అందుబాటులో ఉన్న మందులు కూడా చేజారతాయి.

గడ్డ పుట్టకముందు

లివర్ క్యాన్సర్ మీద హైదరాబాద్ వేసిన అతి పెద్ద దెబ్బ ఏ క్యాన్సర్ మందూ కాదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా, భారత్‌లో తయారైన తొలి రీకాంబినెంట్ (జన్యు ఇంజనీరింగ్‌తో చేసిన) టీకా అది. అప్పటివరకు దిగుమతి టీకా డోసు ధర వందల్లో ఉండేది. పోటీ రాగానే అది దిగివచ్చింది. 2011 నాటికి దేశమంతా పిల్లలకు ఉచిత టీకాల జాబితాలో చేరింది. తైవాన్‌లో 1984లో మొదలైన ఇలాంటి కార్యక్రమం తర్వాత పిల్లల్లో లివర్ క్యాన్సర్ తగ్గినట్టు రుజువైంది. హెపటైటిస్-సికి 12 వారాల మాత్రలతో 90 శాతానికి పైగా నయమయ్యే సోఫోస్‌బువిర్‌నూ 2015 నుంచి నాట్కో, హెటెరో వంటి ఇక్కడి కంపెనీలు తక్కువ ధరకు తయారు చేస్తున్నాయి.

వైరస్‌లకు ఇలా టీకా, మాత్ర దొరికాయి. సిర్రోసిస్ ఉన్నవారికి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ పరీక్ష చేస్తే గడ్డ కోతకు లొంగే సైజులో దొరుకుతుంది. కొవ్వు దారిలో వచ్చే క్యాన్సర్ ఈ వలకు సరిగా చిక్కదు. అందులో కొంత భాగం సిర్రోసిస్ రాకముందే పుడుతుంది, కాబట్టి ఆ మనిషి పేరు ఆరు నెలల పరీక్షల జాబితాలోనే ఉండదు. పొట్ట దగ్గర కొవ్వు మందంగా ఉంటే అల్ట్రాసౌండ్‌లో కాలేయం మసకగా కనిపిస్తుంది. ఫ్యాటీ లివర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఎంఆర్ఐ చేయడం ఏ దేశానికీ సాధ్యం కాదు. అందుకే ఇప్పుడు మొదట చూస్తున్నది గట్టిదనాన్ని: వయసు, ప్లేట్‌లెట్లు, రెండు ఎంజైమ్‌ల అంకెలతో వేసే ఫిబ్-4 లెక్క, అది ఎక్కువ వస్తే ఫైబ్రోస్కాన్. ఆ 345 మందిలాంటి వారికి రిపోర్టులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న వాక్యం కంటే ఈ గట్టిదనం అంకెతోనే ఎక్కువ పని ఉంది.